ముక్కల తాత గీసిన ఆఖరి బొమ్మ

ఆ అద్దె మేడలో మూడో అంతస్తు గది ముందు నుంచి చీకటి పడ్డాక ఎవరూ నడవరు. తప్పనిసరై నడవాల్సి వస్తే మెట్ల దగ్గరే గొంతు సవరించుకుని, ఏదో పాట కూనిరాగం తీస్తూ, తలుపు వైపు చూడకుండా గోడవారగా గబగబా దాటేస్తారు. చూస్తే ఏమవుతుందని అడగండి... ఒక్కరూ చెప్పరు. "చూడకు, అంతే!" అంటారు.

ఆ గదికి సరిగ్గా కింద ఉన్న వాటాలో అద్దెకి ఎవరూ నిలవరు. మా అక్క మాత్రం నిలిచింది, అద్దె చవకని. అక్కంటే మా పెద్దమ్మ కూతురు, ఆసుపత్రిలో నర్సు. రోజూ చావుని దగ్గర నుంచి చూసే మనిషి దెయ్యాలకేం భయపడుతుంది? తమ్ముడితో కలిసి ఉంటుంది. ఆరడుగులు పెరిగినా వాడిని అందరం చిన్నోడనే పిలుస్తాం. పెద్దమ్మా, పెదనాన్నా పోయాక వాడిని పెంచింది అక్కే. ఆమెకి వాడు, వాడికి ఆమె. మేం చుట్టాలం ఉన్నామన్న మాటే గానీ, పెళ్లిళ్లలో "చిక్కిపోయారేం" అని పలకరించడానికి తప్ప పనికొచ్చింది లేదు.

ఈ కథ అక్క నాకు చెప్పిందే. చెప్పినంతసేపూ గొంతు పెంచలేదు. వంటింట్లో చిన్నోడు గిన్నెలు తోముతున్నాడు, వాడికి వినపడకూడదని. ఎందుకో నాకు ఆఖరున గానీ అర్థం కాలేదు. నేనసలే అనుమానం మనిషిని, మధ్యమధ్యలో బోలెడు ప్రశ్నలు వేశాను. అన్నిటికీ సమాధానం చెప్పింది, ఒక్కదానికి తప్ప.

ఆ గదిలో ఉండే ముసలాయన బొమ్మలు గీసేవాడు. మనుషుల బొమ్మలే. కాకపోతే ఆయన పద్ధతి వేరు. మనిషిని కుర్చీలో కదలకుండా కూర్చోబెట్టి, బొగ్గు కడ్డీ పట్టుకుని తనే ఆ మనిషి చుట్టూ తిరిగేవాడు. ముందు నుంచి కాస్త, పక్కకి వచ్చి కాస్త, వెనక్కి పోయి కాస్త... అన్నీ ఒకే కాగితం మీద. అయిపోయాక చూస్తే ముక్కు ఒక పక్క, చెవి నుదుటి మీద, ఒక కన్ను మనల్ని చూస్తుంటే ఇంకోటి గోడని చూస్తూ ఉండేది. మనిషిని పగలగొట్టి, చీకట్లో అతికించినట్టు.

దాన్ని క్యూబిజం అంటారని, చాలా గొప్పదని ఎవరో కాలేజీ మేష్టారు వచ్చి చెప్పి వెళ్లాడట. మేడలో వాళ్లకి ఆ గొప్పదనం ఒంటబట్టలేదు. ముక్కల తాత అని పేరు పెట్టేశారు.

మొదట్లో సరదాకి కూర్చునేవాళ్లు. కింద కొట్లో వాచీలు బాగుచేసే ఆయన కూర్చున్నాడు. తన బొమ్మ చూసుకుని పడీపడీ నవ్వాడు. కొన్నాళ్లకే పోయాడు. తర్వాత ఇంటి ఓనరు గారి అన్నయ్య కూర్చున్నాడు — ఆయనా పోయాడు. మొదటి అంతస్తులో బట్టలు కుట్టే ఆవిడ, "నా బొమ్మ అందంగా రావాలి తాతా" అంటూ కొత్త చీర కట్టుకుని మరీ కూర్చుంది. ఆవిడ కూడా ఆ చలికాలం దాటలేదు.

ఇక ఎవరు కూర్చుంటారు? తాత మెట్లు దిగుతుంటే తల్లులు పిల్లల మొహాలకి చెయ్యి అడ్డం పెట్టేవాళ్లు. ఆయన కళ్లు కూడా అలాంటివేనట. ఎవరు ఎదురైనా ఒక క్షణం ఆగి, ఆ మనిషి దాటిపోయేదాకా వెనక నుంచి కూడా చూసేవాడు. మెట్ల మీద అక్కనీ అలాగే చూసేవాడు. "ఏం తాతా, నన్నూ గీస్తావా?" అని అక్క నవ్వేది. ఆయన నవ్వేవాడు కాదు.

చివరికి తన మొహం తనే గీసుకున్నాడని మేడలో చెప్పుకున్నారు, అదే కుర్చీలో పోయాడు. ఓనరు ఆ గది పాత తాళమే తలుపుకి వేశాడు. అద్దెకి తీసుకునేవాడు లేడు, సామాను ముట్టుకునేవాడు లేడు.

అసలు కథ అక్కడ మొదలైంది. తాళం వేసిన ఆ గదిలోంచి రాత్రిళ్లు చప్పుడు — గర్... గర్... కాగితం మీద బొగ్గు గీసిన చప్పుడు. కాసేపు ఆగుతుంది. నాలుగడుగులు వినపడతాయి. మళ్లీ గర్... గర్...

"ఎలకలు," అనేది అక్క. ఆసుపత్రి నుంచి వచ్చేసరికి తలనొప్పితో ఆమె మాడు పగిలిపోతుండేది. ఎలకో దెయ్యమో, నిద్రపోనిస్తే చాలు.

ఒకరోజు మెట్ల మలుపులో ఓనరుగారి భార్య ఆమెని ఆపింది. అటూ ఇటూ చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నర్సమ్మా... ఒక మాట. నేను చెప్పానని అనకు."

"చెప్పండి పిన్నిగారూ."

"మీవాడు కూర్చున్నాడు."

"ఎక్కడ?"

"పైన. ఆ కుర్చీలోనే... ముసలాయన పోయే ముందు. రోజూ సాయంత్రం వెళ్లేవాడు. నా కళ్లతో చూశాను."

"కుర్చీలున్నది కూర్చోడానికేగా పిన్నిగారూ," అని అక్క నవ్వేసి వచ్చేసింది. ఇంట్లోకి వచ్చాక మాత్రం, వాడు ఎప్పుడొస్తాడా అని గడియారం చూస్తూ కూర్చుంది.

చిన్నోడు ఆ మేడ కిందే చొక్కాలు కుట్టే కార్ఖానాలో కటింగు మాస్టరు. బట్ట మీద సుద్దతో గీతలు గీసి కోస్తాడు. వాడికి ముక్కల తాత అంటే మొదటి నుంచీ ఇష్టమే. "మా పనీ అదే కదక్కా. ముందు ముక్క, వెనక ముక్క, చేతులు, కాలరు అన్నీ బల్ల మీద పరుస్తాం. మనిషి అందులోనే ఉంటాడు, అలవాటున్నవాళ్లకి కనిపిస్తాడు," అనేవాడు. అక్క అప్పట్లో పట్టించుకోలేదు. ఇప్పుడు ఒక్కో మాటా గుర్తొచ్చి గుండెలో గుచ్చుకుంది.

ఆ సాయంత్రం వాడు రాగానే అడిగింది.

"కూర్చున్నావుట్రా, పైన?"

"ఆ... కూర్చున్నా. ఏం?"

"బొమ్మ చూశావా?"

"లేదు. చూపించలేదు."

అబద్ధం. అబద్ధం చెప్పేటప్పుడు వాడి కింది పెదవి లోపలికి పోతుంది. పెంచినదానికి ఆమాత్రం తెలియదా?

అప్పటి నుంచి అక్కకి వాడి మీద ఒకటే అనుమానం. చూసిన కొద్దీ పెరిగింది. వాడు సరిగ్గా తినడం లేదు. కళ్ల కింద గుంటలు. వేళ్ల సందుల్లో నల్లటి మసి. కార్ఖానాలో వాడేది తెల్ల సుద్ద కదా, ఈ నలుపెక్కడిది? అడిగితే "మిషను నూనె" అన్నాడు. పెదవి మళ్లీ లోపలికి పోయింది.

వాడికి తెలియకుండా నిద్రలో నాడి పట్టుకుని చూసింది. జ్వరం చూసింది. "ఆసుపత్రిలో అందరి ఇళ్లవాళ్లకీ ఉచితంగా చేస్తున్నారు" అని నమ్మించి, రక్తపరీక్ష చేయించింది. అన్నీ బాగానే ఉన్నాయి. బాగానే ఉన్నాయని తెలిశాక భయం రెట్టింపయింది. జబ్బయితే మందుంది. ఇది జబ్బు కాకపోతే?

అన్నిటికంటే ఘోరమైనది ఇంకోటి ఉంది. వాడు అక్కని చూడటం మొదలుపెట్టాడు. ఆమె భోజనానికి కూర్చుంటే ఎదురుగా నిలబడి చూసేవాడు. తర్వాత ఏదో వెతుకుతున్నట్టు పక్కకి వచ్చేవాడు. ఇంకాసేపటికి వెనక్కి పోయి, అక్కడ నిలబడిపోయేవాడు... చప్పుడు లేకుండా.

"ఏంట్రా, నా చుట్టూ ప్రదక్షిణాలు చేస్తున్నావు?"

"ఏం లేదక్కా. నువ్వు తిను."

ఆ చూపు చిన్నోడిది కాదంది అక్క. మెట్ల మీద ఆగి చూసే ముసలాయన చూపు అది. తన తమ్ముడి కళ్లలోంచి ఇంకెవరో తనని చూస్తున్నారు. ఆ మాట నాతో చెప్తున్నప్పుడు కూడా ఆమె ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంది.

ఒక రాత్రి కరెంటు పోయింది. మేడంతా ఒక్కసారిగా నిశ్శబ్దం... కింద కార్ఖానా మోటార్లు కూడా ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో, సరిగ్గా నెత్తి మీద —

గర్... గర్...

అక్క లేచి కూర్చుంది. "చిన్నోడా," అంది నెమ్మదిగా. పక్క గదిలోకి వెళ్లి తడిమింది. పరుపు చల్లగా ఉంది. వాడు లేడు.

తల ఒక పక్క పగిలిపోతోంది. అయినా ఫోను లైటు వేసుకుని మెట్లెక్కింది. ఆ బొమ్మ ఎక్కడున్నా దొరికించుకుని ముక్కలు ముక్కలుగా చింపెయ్యాలి. ఆమె మనసులో ఉన్నది అదొక్కటే. చింపితే వాడు బతుకుతాడు. నర్సయ్యుండి ఇదేం పిచ్చి అని నేనడిగాను. "వాడు నీ తమ్ముడైతే తెలిసేది," అంది.

తాళం తీసి ఉంది. తలుపు ఓరగా వేసి ఉంది.

తోసింది. కిర్రుమనలేదు. ఎవరో కీళ్లకి నూనె వేశారు... అదే ఎక్కువ భయం వేసిందట. గది మధ్యలో తాడు మీద ఒక ముతక దుప్పటి, పరదాలా వేలాడుతోంది. దాని వెనక పల్చగా కొవ్వొత్తి వెలుగు. ఆమె అడుగు పడగానే అటు చప్పుడు ఆగిపోయింది.

ఎవరో ఊపిరి బిగబట్టారు. ఇటు అక్క కూడా.

లైటు గోడ మీద పడింది. గోడ నిండా మొహాలు, గుండుసూదులతో గుచ్చి ఉన్నాయి.

ముందు కనిపించింది ఓనరు గారి అన్నయ్య. ముక్కు రెండు చోట్ల ఉన్నా పోల్చుకుంది. ఆయన నోరు ఒక మూలకి జారిపోయి ఉంది. అది తాత గీతల వంకర అని మేడంతా నవ్వుకుంది ఆ రోజుల్లో. అక్కకి ఇప్పుడు నవ్వు రాలేదు. అలాంటి నోళ్లు వార్డులో ఎన్ని చూసిందో! పక్షవాతం వచ్చే ముందు కాసేపు జారి, మళ్లీ ఏమీ ఎరగనట్టు సర్దుకునే నోరు అది.

పక్కన వాచీల ఆయన. మెడ మీద గుండ్రంగా ఒక గీత... వంకర గీత కాదు, గడ్డ. ఆ పక్కన బట్టలు కుట్టే ఆవిడ. వేళ్ల చివర్లు ఉబ్బి, గోళ్లు బోర్లించిన చెంచాల్లా ఉన్నాయి. ఊపిరితిత్తులు లోలోపల పాడైపోతున్నవాళ్ల గోళ్లు అలా ఉంటాయి. ఆవిడ పోయింది దానితోనే.

ముసలాయన ఎవరినీ చంపలేదు. ఆయన చూశాడు, అంతే. చుట్టూ తిరిగి, అన్ని వైపుల నుంచీ, ఇంకెవరూ చూడనంత ఓపికగా చూశాడు. చూసినది గీశాడు. జనం దాన్ని కళ అనుకున్నారు, తర్వాత శాపం అనుకున్నారు.

ఇంత చిన్న విషయానికా మేడంతా భయపడింది అని నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

శాపమైతే చింపేస్తే పోతుంది. చూసినదే గీసి ఉంటే? చింపి ఏం లాభం? చిన్నోడి బొమ్మలో ఆయన ఏం చూసి ఉంటాడు?

గోడంతా వెతికింది. చిన్నోడి మొహం ఎక్కడా లేదు. ఇక మిగిలింది దుప్పటి వెనకే. లాగింది.

చిన్నోడు. నేల మీద మోకాళ్ల మీద కూర్చుని, చేతిలో బొగ్గు కడ్డీతో, దొంగలా చూస్తున్నాడు.

"నువ్వా... నువ్వట్రా ఇన్నాళ్లూ!"

"గట్టిగా అరవకక్కా... కింద వినపడుతుంది."

"ఎవరిని గీస్తున్నావు?"

వాడు కొవ్వొత్తి పైకెత్తాడు. దుప్పటికి అవతలి గోడంతా అక్కే. ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి... అన్నీ ముక్కలే. వాడి గీతలు ముసలాయనవంత గొప్పగా లేవు, చొక్కా ముక్కలకి కొలతలు గీసినట్టున్నాయి. అయినా ఆమే.

"తాత పోయే ముందు తాళంచెవి ఇచ్చి చెప్పాడక్కా. మీ అక్క ఎడమ కన్ను చూస్తూ ఉండు అన్నాడు. చూస్తే మర్చిపోతావు, రోజూ గియ్యి, అప్పుడు తెలుస్తుంది అన్నాడు." వాడు బొగ్గు కడ్డీ కింద పెట్టాడు. "నీతో చెప్పాను ఒకసారి. కన్ను వాలుతోందక్కా అంటే, నిద్ర లేకరా వెధవా అని కసిరావు. నువ్వు నర్సువి. నేను బట్టలు కోసేవాడిని. నేనేం చెప్పను? రుజువు కావాలిగా... అందుకే గీస్తున్నా."

తలుపు వైపు మొదటి కాగితం. కిటికీ వైపు ఆ రాత్రిది. అక్క వరసగా లైటు వేసుకుంటూ నడిచింది. మొదట్లో రెండు కళ్లూ దాదాపు సమానం. తర్వాత ఎడమ రెప్ప కొంచెం కిందికి. ఇంకా కిందికి. ఆఖరు కాగితంలో కన్ను సగం మూసుకుపోయింది, లోపలి కంటిపాప రెండోదానికంటే పెద్దదై ఉంది.

అదే కన్నుతో ఒక రోగి వచ్చి ఉంటే, డాక్టరు కోసం పరుగెత్తి ఉండేది. తన మొహం తను రోజూ అద్దంలో చూసుకుంది. నిద్ర చాలక అనుకుంది. తలనొప్పికి మాత్ర వేసుకుని డ్యూటీకి పోయింది.

"ఎవరి మొహం అయినా చూసి జబ్బేంటో చెప్పేస్తాననుకునేదాన్ని రా," అంది నాతో. "నా మొహం మాత్రం నేను ఎదురుగా తప్ప ఎప్పుడూ చూసుకోలేదు."

ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లారు. తలలో ఒక రక్తనాళం బుడగలా ఉబ్బి కంటి నరాన్ని నొక్కుతోందని తేలింది. పగలకముందే వచ్చారు, ఇంకొన్ని రోజులాగితే చెప్పలేకపోయేవాళ్లం అన్నాడు డాక్టరు. ఆపరేషను చేశారు. అక్క బతికింది.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. నేనైతే లేచి చెప్పులు వేసుకోబోయాను కూడా. దెయ్యం లేదు, ఎలకలూ లేవు, చిన్నోడి ప్రేమ ఒక్కటే. అక్క నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. వంటింటి వైపు ఒకసారి చూసింది. గొంతు ఇంకా తగ్గించింది.

ఆసుపత్రిలో కట్టు విప్పిన రోజు చిన్నోడు ఒక కాగితం చుట్ట తెచ్చాడట. "తాత గీసిన ఆఖరి బొమ్మక్కా. నన్ను కూర్చోబెట్టి గీసింది ఇదే. నీ కన్ను ఆయన ఎప్పుడో గీసేశాడు చూడు. ఇది చూశాకే నాకు తిండి సయించలేదు."

అక్క విప్పి చూసింది. అవును, వాలిన కన్ను ఉంది. అందులో ఆశ్చర్యం లేదు, ఆ కాస్త వాలు మెట్ల మీదే పట్టేసి ఉంటాడు. పక్క ముక్కలో ఆమె తల... సగం గుండు. చెవి ముందు మొదలై, పైకి పోయి, నుదుటి వైపు వంగిన ఒక గీత. గీతకి అడ్డంగా చిన్నచిన్న గీతలు.

అద్దం తెప్పించుకుంది. కుట్లు అక్కడే ఉన్నాయి. అదే వంపు.

ముసలాయన పోయేనాటికి ఆమెకి తలనొప్పి కూడా మొదలవలేదు.

"ఎలా గీశాడక్కా?" అన్నాను. నేను వేసిన ప్రశ్నల్లో సమాధానం రానిది ఇదే. ఆమె భుజాలు ఎగరేసింది, అంతే.

కాగితం అంచున ఇంకో ముక్క ఉంది. మెడ... ముడతలు పడి, నరాలు తేలిన ముసలిదాని మెడ. గడ్డం కింద అక్కకున్న పుట్టుమచ్చ ఆ మెడ మీదా ఉంది. చిన్నోడు అది చూసి గంతేశాడు. "అంటే నువ్వు ముసలిదానివి అవుతావక్కా! తాతే గీశాడు!" వార్డులో నర్సులంతా తిరిగి చూశారు.

"మరి నువ్వెక్కడరా ఇందులో? కూర్చుంది నువ్వు కదా?"

"నన్ను గియ్యనే లేదు!" వాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "అన్ని సాయంత్రాలు నడుం పడిపోయేలా కూర్చోబెట్టి, ఉత్త కుర్చీ గీశాడు ముసలాడు! ఆయన గీసినవాళ్లంతా పోయారంటారుగా... నేను బతికిపోయానక్కా!"

అక్క కూడా నవ్వింది. కుట్లు లాగుతున్నా నవ్వింది. వాడు మందుల చీటీ పట్టుకుని బయటికి వెళ్లాక, బొమ్మని మొహానికి దగ్గరగా తెచ్చుకుంది.

కుర్చీ ఖాళీగా ఉంది. ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి... అన్ని వైపుల నుంచీ ఖాళీయే. ముసలిదాని చెయ్యి ఆ కుర్చీ వీపు మీద ఉంది. ఆ పట్టు అక్కకి తెలుసు. రోగి పోయి మంచం ఖాళీ అయ్యాక కూడా దాని ఇనపచువ్వ వదలకుండా నిలబడే చుట్టాలని ఆమె రోజూ చూస్తుంది.

ఇప్పుడు ఆ బొమ్మ ఆమె బీరువాలో, చీరల అడుగున ఉంటుంది. తీసి నా ఒళ్లో పెట్టింది. లోపల చిన్నోడు గిన్నెలు బోర్లిస్తూ ఈల వేస్తున్నాడు.

"నువ్వు చెప్పరా," అంది అక్క. "సరిగ్గా చూసి చెప్పు. కుర్చీ ఖాళీ అయ్యేనాటికి ఈ మెడకి ఎన్నేళ్లుంటాయంటావు?"

చూశాను. బొగ్గు గీతలు. ఎన్నేళ్లని చెప్పను?

"డెబ్బై..." అన్నాను.

ఆమె చెయ్యి నా మణికట్టు మీద బిగుసుకుంది.

"బాగా చూడరా. ఇంకొంచెం ఎక్కువ చెప్పు."